శస్త్రవైద్య విద్యార్థుల కేమి తెలియవలెను?

శస్త్రవైద్యము నభ్యసింప గోరు యువతీయువకులు ఎం.బి.బి.ఎస్. ముగించి నీట్-పీజీ పరీక్షకు గూర్చుందురు. ప్రశ్నలు 200, సరియైన జవాబునకు 4 మార్కులు, తప్పునకు 1 తగ్గింపు. 2024లో రెండు పూటలుగా జరిగిన యీ పరీక్ష సుప్రీంకోర్టు ఉత్తరువుపై 2025 ఆగస్టు 3న ఒక్కపూటనే జరిగినది. అది యటుండనిండు. మేము ప్రస్తావింపదలచినది ర్యాంకు వచ్చిన పిమ్మటి ఘట్టము.

అప్పుడు విద్యార్థి తనకు గావలసిన కళాశాలలను వరుసగా వ్రాసి కౌన్సెలింగునకు పంపవలెను. దేనిని జూచి వ్రాయును? రుసుము, ఊరు, ముందు చదివినవారి మాట. మూడేండ్ల ఎం.ఎస్. చదువులో నచ్చటి విద్యార్థి యెన్ని శస్త్రచికిత్సలు స్వయముగా జేయునో, ఎన్నింటికి ప్రక్కన నిలుచుండి చూచుటతో సరిపెట్టుకొనునో, ఆ సీట్ల పట్టికలో గానరాదు. పెద్ద యాసుపత్రిలో రోగులు వేలకొలది యుండవచ్చును. అంతమాత్రమున కత్తి చిన్నవాని చేతికి వచ్చునని లేదు. పేరుగల నగరపు కళాశాలలో జేరినవాడు పైచదువుల వారి వెనుక నిలుచుటయు, జిల్లా యాసుపత్రిలో జేరినవానికి అపెండిక్సు, హెర్నియాలు చేతినిండ దొరకుటయు గలదు. హద్దులు వ్రాయని దస్తావేజుపై సంతకము పెట్టుమని యే వకీలు తన కక్షిదారునకు జెప్పును?

ప్రైవేటు, డీమ్డు విశ్వవిద్యాలయములు తమ రుసుములను కౌన్సెలింగునకు ముందే ప్రకటింపవలెనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో నాదేశించినది. మంచిదే. ధర తెలిసి సరకు తెలియకున్న నేమి లాభము?

అమెరికాలో సామాన్య శస్త్రవైద్య శిక్షణ ముగించువాడు కనీసము 850 ప్రధాన శస్త్రచికిత్సలు చేసియుండవలెను. అచ్చటి శిక్షణ ఐదేండ్లది. ఆ యంకెనే యిచ్చట నాటుమని మేమనము. కాని లెక్కవ్రాయుట మనకు గ్రొత్త గాదు. 2023 నాటి నిబంధనల ప్రకారము విద్యార్థి తన పనిని లాగ్‌బుక్కులో నమోదు చేయవలెను, శాఖవారు దానిని సరిచూడవలెను. రోగుల పేళ్లు విడిచి, ఆ పుస్తకముల మొత్తములను మాత్రము సీట్ల పట్టిక ప్రక్కన నచ్చువేయుమని జాతీయ వైద్య కమిషను నడుగుచున్నాము.

అంకెలు కల్పింతురని కొంద రందురు. కల్పించువారు లేకపోరు. అయితే ఆపరేషను థియేటరు రిజిష్టరు వేరుగ నున్నది గదా! తనిఖీకి వచ్చినవారు రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన బెట్టి చూచుటకు ఒక పూట చాలును.