టేపు క్రింద దీపము



ఈ నెల ఒక వాహనము సంగతి వ్రాయుచున్నాము. "మాకు బండి లేదు గదా" అని పేజీ త్రిప్పివేయవద్దు. సొంత బండి లేనివారు కూడా పెండ్లికో, ఆసుపత్రికో, కూటములకో అద్దె బండి ఎక్కుతూనే ఉంటారు. అందులో కూర్చుండేది మన పిల్లలు, మన తల్లిదండ్రులే.

మా సంఘమునకు ఏడు సీట్ల బండి ఒకటి ఉన్నది. 2013లో తయారైనది. వేరొకరు వాడిన తరువాత 2019లో సంఘస్థులు తలా కొంత వేసికొని కొన్నారు. కొన్నప్పుడు అమ్మినాయన ఒక విషయము గొప్పగా చెప్పాడు. ప్రతి చక్రములోను గాలి ఎంత ఉన్నదో కనిపెట్టే సెన్సారు ఉన్నదట. గాలి తగ్గితే డ్రైవరు ముందు పసుపుపచ్చ దీపము వెలుగుతుందట. గుర్రపు నాడా వంటి ఆకారము, దాని మధ్య ఆశ్చర్యార్థకపు గుర్తు. ఆ మాట విని మేము చాలా సంతోషించాము. ఇక గాలి సంగతి బండే చూచుకొంటుందని అనుకున్నాము.

2022 నవంబరులో ఆ దీపము వెలిగింది. బండి ఆపి నాలుగు టైర్లూ చూచాము. గాలి సరిగానే ఉన్నది. మరునాడు మళ్ళీ వెలిగింది. అప్పుడూ సరిగానే ఉన్నది. మూడవసారి పట్టణములో మెకానిక్కుకు చూపించాము. "సెన్సారు పోయింది సార్, గాలికి ఏమీ కాలేదు. మార్చాలంటే ఖర్చు. అందరూ ఇట్లాగే తిరుగుతున్నారు" అన్నాడు. ఖర్చు లేదన్న మాట చెవికి ఇంపుగా ఉంటుంది గదా! సరేనన్నాము. రాత్రివేళ ఆ పసుపు వెలుగు కంటికి అడ్డముగా ఉన్నదని ఒక నల్ల టేపు ముక్క దానిపై అంటించాము. దీపమును కుంచము క్రింద పెట్టకూడదని సండేస్కూలు పిల్లలకు నేర్పించేది మేమే. టేపు అంటించినదీ మేమే.

ఆరు నెలలు గడిచాయి. 2023 మే నెలలో ఒక ఉదయము మా సంఘములోని పెద్దామెను కంటి పరీక్షకు గుంటూరు తీసికొని బయలుదేరాము. ఆమె కుమార్తె, ఆ అమ్మాయి ఇద్దరు చిన్నపిల్లలు, మా ఇంటివారు బండిలో ఉన్నారు. నడిపేది మేమే. ఒంగోలు దాటి, జాతీయ రహదారి మీద మేదరమెట్ల కూడా దాటిన తరువాత బండి వెనుక ప్రక్క కొంచెము తూలుచున్నట్లు అనిపించింది. గాలివాటమేమో అనుకున్నాము. ప్రక్కన పెద్ద లారీలు పోతున్నాయి, వాటి ఊపేమో అనుకున్నాము. మనకు ఇష్టములేని సంగతికి కారణములు వెదకుటలో మనసు ఎంత చురుకుగా పని చేస్తుందో ఆ రోజు తెలిసింది.

చిన్నవాడికి వాంతి వచ్చేటట్లున్నదని అద్దము దించి ఉంచారు. మార్టూరు దగ్గరకు వచ్చేసరికి ఆ పెద్దామె, "అయ్యగారూ, పొయ్యిలో చెప్పు పడ్డ వాసన వస్తోంది, మీకు రావట్లేదా?" అన్నది. కన్ను సరిగా కనిపించని ఆ తల్లి అంతకు ముందే రెండుసార్లు ఆ మాట అన్నదట. మేము వినిపించుకోలేదు. నెమ్మదిగా వేగము తగ్గించి ఎడమ ప్రక్కన ఆపి దిగి చూచాము. వెనుక ఎడమ టైరు సగము అణగిపోయి ఉన్నది. చేయి దగ్గర పెడితే సెగ కొట్టింది.

స్టెప్నీ వేసికొని, ఆ చక్రమును దగ్గరలోని పంక్చరు షాపుకు పట్టుకొని వెళ్ళాము. టైరుకు చిన్న మేకు దిగి ఉన్నది. "పంక్చరు వేసి గాలి పట్టు నాయనా, పోవాలి" అన్నాము. ఆ కుర్రవాడు మా మాట వినలేదు. టైరు విప్పి లోపలి ప్రక్క మాకు చూపించాడు. మిరియాల పొడి చల్లినట్లు నల్లని రబ్బరు పొడి. "సార్, గాలి లేకుండా నడిచి టైరు ప్రక్కలు లోపల అరిగిపోయినాయి. దీనికి పంక్చరు వేస్తే గాలి నిలుస్తుంది, టైరు నిలవదు. ఈ ఎండలో, ఈ రోడ్డు మీద పేలితే బండి పల్టీ కొడుతుంది" అన్నాడు. ఇద్దరు పిల్లలు షాపు ముందు నీడలో బిస్కెట్లు తింటున్నారు. వారి వంక చూడడానికి మాకు ముఖము చెల్లలేదు.

తరువాత తీరికగా పరీక్ష చేయిస్తే సంగతంతా బయటపడింది. పాడైపోయిన సెన్సారు ముందు కుడి చక్రములోనిది. మేకు దిగిన వెనుక చక్రములోని సెన్సారు బాగానే ఉన్నది. గాలి తగ్గుచున్నదని అది చెప్పుచునే ఉన్నది. అయితే రెండు కబుర్లకూ ఒక్కటే దీపము. అది ఆరు నెలలనుండి వెలుగుచునే ఉన్నది గనుక టేపు తీసివేసినా మాకు క్రొత్తగా తెలిసేదేమీ లేదు. 'నాన్నా పులి' కథలో పిల్లవాడు అబద్ధమాడి ఆడి నిజము చెప్పినరోజు ఎవరూ రాలేదు. మా దీపము అబద్ధమాడలేదు. "నాలో ఒక భాగము చెడిపోయింది" అని నిజమే చెప్పింది. బాగుచేయించక దాని మాటకు విలువ లేకుండా చేసినది మేము.

ఈ సెన్సారు సంగతి కొంచెము తెలిసికొందాము. అనేక బండ్లలో ఇది చక్రము లోపల, గాలి పట్టే వాల్వుకు తగిలించి ఉంటుంది. అందులో చిన్న బ్యాటరీ ఉంటుంది. చక్రము తిరుగుచున్నప్పుడు గాలి ఒత్తిడిని కొలిచి రేడియో ద్వారా బండికి తెలియజేస్తుంది. ఆ బ్యాటరీ సాధారణముగా 5 నుండి 10 ఏండ్లు పని చేస్తుంది. దానిని గట్టి పదార్థములో పోతపోసి మూసివేస్తారు గనుక టార్చిలైటులో వలె బ్యాటరీ మార్చడానికి వీలులేదు, సెన్సారే మార్చవలెను. కాబట్టి పదేండ్లు దాటిన బండిలో ఒకటి పోయినదంటే మిగిలిన మూడు కూడా అదే వయస్సువి అని గుర్తుంచుకొనవలెను.

కొన్ని బండ్లలో చక్రము లోపల సెన్సారే ఉండదు. గాలి తగ్గిన చక్రము కొంచెము చిన్నదై, మిగిలిన వాటికంటె వేగముగా తిరుగుతుంది. బ్రేకులకు సంబంధించిన ఏర్పాటు ఆ తేడాను పట్టుకొంటుంది. అటువంటి బండిలో గాలి సరిచేసిన తరువాత రీసెట్ చేయవలెను. లేనియెడల తప్పు కొలతనే సరియైనదని అనుకొంటుంది.

దీపము చెప్పే రెండు మాటలకు తేడా సామాన్యముగా ఇట్లు ఉంటుంది. బండి స్టార్టు చేయగానే వెలిగి కొన్ని క్షణములలో ఆరిపోతే మంచిదే, అది దీపము పరీక్ష. ఆరక నిలకడగా వెలిగితే గాలి తక్కువ. సుమారు ఒక నిమిషము మినుకుమినుకుమని కొట్టుకొని తరువాత నిలకడగా ఉంటే ఏర్పాటులోనే లోపము. మా బండి ప్రతి ఉదయము అట్లే కొట్టుకొన్నది. దాని అర్థము మాకు తెలియదు. బండితో వచ్చిన పుస్తకములో వ్రాసి ఉన్నది, మేము చదువలేదు. సెన్సారు లేని స్టెప్నీ వేసినా, పంక్చరు షాపులో టైరు విప్పేటప్పుడు పనిముట్టు తగిలి సెన్సారు విరిగినా ఈ దీపము వెలుగుతుంది. అందుచేత చక్రములో సెన్సారు ఉన్నదని షాపువానికి ముందుగానే చెప్పండి. పంక్చరు కాకుండా టైరులో పోసే జిగురు ద్రవము సెన్సారు రంధ్రమును మూసివేయవచ్చును. అది పోయించి ఉంటే దాచక చెప్పండి. వాల్వుకు ప్లాస్టిక్ మూతే మంచిది. లోహపు మూత తుప్పుపట్టి బిగుసుకొంటే, తీయబోయినప్పుడు వాల్వే విరుగుతుంది.

మా సంఘ పెద్దలు కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన, "పూర్వము లారీలకు ఈ సెన్సార్లు ఉన్నాయా? డ్రైవరు కాలితో తన్ని చూచుకొనేవాడు" అన్నారు. మంచి మాటే. అయితే ఇప్పటి రేడియల్ టైరు క్రింద ప్రక్క ఎప్పుడూ కొంచెము ఉబ్బినట్లే ఉంటుంది. పది పాయింట్లు తగ్గినా కంటికి తెలియకపోవచ్చును. తన్నినా తెలియదు, మీటరు పెడితేనే తెలుస్తుంది. అమెరికాలో కొన్ని పెద్ద కార్ల టైర్లు విడిపోయి అనేకులు చనిపోయిన తరువాతనే 2000లో చట్టము చేశారు. 2007 సెప్టెంబరు నుండి అక్కడ అమ్మే క్రొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి అయినది. ఐరోపా దేశాలలో 2014 నవంబరు నుండి. మన దేశములో 2020లో నియమము సవరించి, ట్యూబులేని టైర్లు, ఈ గాలి హెచ్చరిక, పంక్చరు సామాను ఉన్న కారుకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. స్టెప్నీ లేని బండిలో సెన్సారు పాడైతే నష్టము రెండంతలు.

ఇంకొక మాట. సెన్సారు మంచిదైనా అది ఆలస్యముగానే పలుకుతుంది. ఉండవలసినదానికంటె నాలుగవ వంతు తగ్గేలోగా హెచ్చరించవలెనని అమెరికా నియమము. అనగా 33 పాయింట్లు ఉండవలసిన టైరు 25కు దిగేవరకు దీపము ఊరకుండవచ్చును. అంతవరకు టైరు వేడెక్కుచునే ఉంటుంది, పెట్రోలు కూడా ఎక్కువ త్రాగుతుంది.

మాకు కనిపించిన మార్గములు మూడు. మొదటిది, కంపెనీ సెన్సార్లు వేయించుట. ఒక్కొక్కటి కొన్ని వేల రూపాయలు. రెండవది, మన బండికి సరిపడునట్లు ప్రోగ్రాము చేసి వేసే వేరే సెన్సార్లు. వేసిన తరువాత వాటిని బండికి పరిచయము చేయవలెను, ఆ పరికరము ఉన్న షాపులోనే వేయించవలెను. మూడవది, వాల్వు మూత స్థానములో బిగించే సెన్సార్లు. ఇవి చవక, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చును. అయితే బయట ఉంటాయి గనుక దొంగతనపు భయము ఉన్నది. రబ్బరు వాల్వు మీద బరువు పడి గాలి కారకుండా చూచుకొనవలెను.

ఎట్లాగూ టైర్లు మార్చవలసి వచ్చింది గనుక రెండవ మార్గము ఎన్నుకొని నాలుగూ ఒకేసారి వేయించాము. టైరు విప్పే కూలి రెండుసార్లు ఇచ్చే పని తప్పింది. ఆ ఖర్చు సంఘము మీద వేయడానికి మాకు మనసు ఒప్పలేదు. టేపు సంగతి పెద్దలందరి ముందు ఒప్పుకొని అందులో కొంత మా జీతములోనుండి ఇచ్చాము.

అయినా మా అసలు తప్పు టేపు కాదు. దీపము పని చేసినన్నాళ్ళు, అది ఉన్నది గదా అని మీటరు పెట్టుట మానుకొన్నాము. దీపము చెడిపోయిన తరువాత కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. ఈ రెండవ తప్పే పిల్లలను అపాయము అంచుకు తెచ్చింది. సెన్సార్లకు డబ్బులేని కుటుంబము ఉండవచ్చును గాని, కొన్ని వందల రూపాయల మీటరు కొనలేని బండి యజమాని ఉండడు. ఈ అలవాట్లు మీరూ చేసికొనండి.

వారమునకు ఒకసారి, దూర ప్రయాణమునకు ముందు తప్పక, ఉదయము బండి తీయకముందే గాలి చూడండి. టైరు చల్లగా ఉన్నప్పటి కొలతే కొలత. ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. టైరు మీద వ్రాసినది గరిష్ఠ పరిమితి, అంత పట్టించవద్దు. నడిచి వేడెక్కిన టైరులో నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపుతుంది, అది చూచి గాలి తీసివేయవద్దు. మంచి టైరులో కూడా నెలకు ఒకటి రెండు పాయింట్లు తగ్గుట సహజము. ఒక్క టైరే మాటిమాటికీ తగ్గుచుంటే మేకో, వాల్వో చూపించండి. పెట్రోలు బంకులో గాలి ఉచితము, అడగడానికి సిగ్గుపడవద్దు. స్టెప్నీని మరచిపోవద్దు. దారిలో దీపము వెలిగితే బ్రేకు గట్టిగా తొక్కక, స్టీరింగు స్థిరముగా పట్టుకొని, మెల్లగా ఎడమకు ఆపండి. బాగా గాలి తగ్గి నడిచిన టైరును లోపల చూడకుండా మళ్ళీ వాడవద్దు. అద్దె బండి ఎక్కేవారు డ్రైవరును, "బాబూ, గాలి చూచావా?" అని ఒక్క మాట అడగండి. అతడు విసుగుకొన్నా ఫరవాలేదు.

ఇప్పుడు మా ఇంట శనివారము సాయంత్రము ఆ పెద్దామె పెద్ద మనవడు వచ్చి మీటరు తీసి ఇవ్వమంటాడు. బండి కదలని రోజు గనుక టైర్లు చల్లగానే ఉంటాయి. వాడు వంగి కొలత చదువుతాడు, మేము పుస్తకములో వ్రాస్తాము. గత వారము వెనుక ఎడమది 31 అన్నాడు. ఆదివారము తెల్లవారుజామున బంకుకు వెళ్ళి రెండు పాయింట్లు పట్టించి, ఆ తరువాతే పిల్లలను ఎక్కించుకొన్నాము.