బండి ఎక్కించేందుకు నలుగురెందుకు?

సిద్దిపేట దాటి రాజీవ్ రహదారి మీద బైక్ మొరాయించిందంటే ఫోన్ పోయేది ట్రాలీ ఆటోకే. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇలాంటి చిన్న ట్రాలీలకు కొదవ లేదు. లేనిదల్లా బండి ఎక్కించే పద్ధతే. దారినపోయే నలుగురిని పిలిచి ‘ఎత్తండన్నా’ అనడం, ఒకరి పిక్కకు సైలెన్సర్ చురుక్కుమనడం, ఇంకొకరి నడుం పట్టేయడం మామూలే.

పల్లె రైతుకు ఇంతకన్నా తెలివైన ఉపాయం తెలుసు. ట్రాలీని గట్టుకు ఆనించి వెనక తలుపు దించితే, బండి నేరుగా లోపలికి నడుస్తుంది. ఎత్తే పనే లేదు.

గట్టు లేనిచోట గట్టి చెక్క కావాలి. లెక్క సులువు. ట్రాలీ రెండున్నర అడుగుల ఎత్తుంటే, 5 అడుగుల చెక్క మీద సగం బరువు తోయాలి. 10 అడుగుల చెక్కయితే పావు వంతే. అంటే దాదాపు 112 కిలోల స్ప్లెండర్‌కు 28 కిలోల తోపు చాలు. చెక్క జారకుండా పై కొసను ట్రాలీకి తాడుతో కట్టాలి. ఇంజిన్ రేజ్ చేసి, కూర్చుని ఎక్కించడం మాత్రం ప్రాణాంతకం.

ఎక్కాక సైడ్ స్టాండ్‌ను నమ్మకూడదు. బండిని గేర్‌లో ఉంచి, ముందు ఫోర్కులకు రెండు వైపులా తాళ్లు బిగించాలి.

ట్రాలీవాలాలు ఒక పొడవాటి చెక్క, రెండు తాళ్లు వెంట ఉంచుకోవాలి. మార్కెట్ యార్డుల్లో, మండల కేంద్రాల్లో ట్రాలీ ఎత్తుకు ఒక సిమెంటు ర్యాంపు కడితే బైకులతో పాటు బస్తాలూ సులువుగా ఎక్కుతాయి.