పాటల పందిరి: రాసినవారి పేరు చెప్పరేం?

"ఈమధ్య ఏ ఆల్బమ్ వింటున్నారు?" అని రెండు వారాల కిందట ఈ పందిట్లో ఓ చిన్న ప్రశ్న వేశాను. అంతే! జవాబులే జవాబులు. కొందరు ఒక్క ముక్కలో తేల్చేశారు. కొందరు నాలుగేసి పేజీలు నింపారు. ఒకాయనైతే తన దగ్గరున్న క్యాసెట్లన్నిటికీ నెంబర్లు వేసి మరీ జాబితా పంపారు. అందరికీ థాంక్సండీ!

"గీతాంజలి" (1989) కుర్రకారు గుండెల్లోంచి ఇంకా దిగలేదని తేలిపోయింది. ఇళయరాజా బాణీలు, వేటూరి మాటలు, బాలు, చిత్ర, జానకి గొంతులు... దిగమంటే మాత్రం ఎలా దిగుతుంది లెండి! "జోలపాట వచ్చేసరికి చదువుతున్న పుస్తకం మూసేస్తాను" అని విశాఖపట్నం నుంచి ఒకమ్మాయి రాసింది. పరీక్షలు దగ్గరికొస్తే మాత్రం పాట మూసి పుస్తకం తెరువమ్మా!

"మేఘసందేశం"కి కూడా మంచి బలగమే ఉంది. 1982 జాతీయ అవార్డుల్లో సంగీత దర్శకుడిగా రమేష్ నాయుడు, గాయకుడిగా ఏసుదాసు, గాయనిగా సుశీల, ముగ్గురూ ఈ ఒక్క సినిమాకే అందుకున్నారు. 12వ శతాబ్దపు జయదేవుణ్ణీ, కృష్ణశాస్త్రినీ, వేటూరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి విందు పెట్టిన ఆల్బమ్ అది.

ఇక అసలు సంగతికొస్తాను. ఒకే రోజున నా చేతికి రెండు ఉత్తరాలు అందాయి.

మొదటిది కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడిది. "పాత పాటలు మా నాన్నగారికి వదిలేశానండీ. నేనిప్పుడు 'శ్యామ్ సింగ రాయ్' ఆల్బమ్‌లో మునిగిపోయాను. అందులో 'సిరివెన్నెల' అనే పాట రోజుకి పదిసార్లయినా వినకపోతే నిద్ర పట్టదు" అన్నాడు.

రెండోది తెనాలి నుంచి, రిటైరైన మాస్టారిది. ఆయన వింటున్నది 1986లో విశ్వనాథ్ తీసిన "సిరివెన్నెల". మహదేవన్ సంగీతం, చౌరాసియా వేణువు. బాగానే ఉంది. కానీ ఆఖర్న ఓ చురక అంటించారు: "ఈ కాలం పాటల్లో వాయింపే తప్ప మాటలున్నాయా నాయనా?"

ఈ ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాలనిపించింది నాకు! ఎందుకంటారా? ఇద్దరూ వింటున్నది ఒకే కలాన్ని. "సిరివెన్నెల"కి పాటలు రాసి ఆ సినిమా పేరునే ఇంటిపేరు చేసుకున్న సీతారామశాస్త్రిగారే, కుర్రాడు నిద్రపోయే ముందు వినే ఆ పాటనీ రాశారు. 2021 నవంబరు 30న ఆయన మనల్ని వదిలి వెళ్లిపోయారు. "శ్యామ్ సింగ రాయ్" ఆ డిసెంబరు 24న విడుదలైంది. 2022లో వచ్చిన "ఆర్ ఆర్ ఆర్"లో స్నేహం మీద పాట కూడా ఆయనదే.

ముప్ఫయ్యయిదేళ్ల తేడాలో ఒకే మనిషి రాసిన మాటల్ని ఇద్దరూ ప్రేమిస్తున్నారు. మధ్యలో "మీ కాలం, మా కాలం" అంటూ గోడ! ఆ గోడ ఎలా లేచింది? ఇద్దరి ఉత్తరాల్లోనూ సంగతులన్నీ ఉన్నాయి గానీ, రాసినవారి పేరొక్కటే లేదు.

ఒకప్పుడు ఈ బాధ ఇంత లేదు. సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో పాట పక్కన కవి పేరుండేది. రేడియోలో పాటకి ముందు గీతరచన ఎవరో, సంగీతం ఎవరో, గానం ఎవరో చెప్పి మరీ వేసేవారు. వినీ వినీ ఆత్రేయ పాట ఏదో, ఆరుద్ర పాట ఏదో పల్లవిలోనే పసిగట్టే శ్రోతలు తయారయ్యారు. ఇప్పుడు ఫోను తెరమీద హీరో బొమ్మ కనిపిస్తుంది, గాయకుల పేర్లు కనిపిస్తాయి. రాసినాయన పేరు కావాలంటే ఇంకో రెండు నొక్కులు నొక్కి వెతుక్కోవాలి. వెతికే ఓపిక ఎవరికుంది చెప్పండి?

ఇది ఒట్టి మర్యాద సంగతి కాదు సుమండీ! 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో ఆడే బొమ్మ సంగతి వేరు గానీ, పాట బయట ఇంకెక్కడ మోగినా వచ్చే రాయల్టీలో రాసినవారికీ, బాణీ కట్టినవారికీ వాటా ఉంటుంది. వాళ్ల తదనంతరం అది వారసులకి చెందుతుంది. అంటే పాట పక్కన ఉండే పేరు ఒక ఇంటి పొయ్యికి సంబంధించిన విషయం కూడా. పేరే చెరిగిపోతే లెక్క ఎవరికని రాస్తారు?

ఇంకో ముచ్చట. "మేఘసందేశం" తెరకెక్కేనాటికి కృష్ణశాస్త్రిగారు లేరు. 1980లోనే కన్నుమూశారు. అయినా ఆయన మాటల్ని ఇవాళ్టికీ కూనిరాగం తీస్తున్నవాళ్లు ఎందరో! పాటకి చావు లేదంటాం. మరి పేరుని మనమెందుకు చంపడం?

కాకినాడ తమ్ముడూ, నువ్వోసారి "సిరివెన్నెల" ఆల్బమ్ మొదట్నుంచి చివరిదాకా విను. మీ నాన్నగారి పక్కన కూర్చుని వింటే మరీ మంచిది. మాస్టారూ, మీరు "శ్యామ్ సింగ రాయ్" వినండి. వాయింపు ఉంటే ఉండనివ్వండి, మాటలున్నాయో లేవో మీరే చెప్పండి. ఇద్దరి జవాబులూ ఈ పందిట్లోనే పక్కపక్కన వేస్తాను.

మిగతావాళ్లకి పని లేదనుకోకండి! ఈసారి ఆల్బమ్ పేరొక్కటే రాస్తే ఊరుకోను. అందులో మీకు బాగా నచ్చిన పాట ఎవరు రాశారో కనుక్కుని, ఆ పేరు కూడా జతచేసి పంపండి. ఆ కలం నుంచే వచ్చిన ఇంకో పాట ఏదో కూడా చెప్పగలిగితే... మీకు పందిట్లో ముందు వరస కుర్చీ ఖాయం!