పొద్దున్నే ముఖం వాచిందని అమ్మ చెబితే...

"ఈమధ్య బాబు కాస్త ఒళ్ళు చేశాడే! బుగ్గలు చూడు, బూరెల్లా ఎలా ఉన్నాయో!"

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ అత్తగారు మురిసిపోతూ అన్న మాట ఇది. పిల్లాడికి అప్పుడు నాలుగేళ్ళు. వాడి నోట్లో నాలుగు ముద్దలు పెట్టాలంటే ఇల్లంతా తిరగాల్సిందే. అలాంటివాడు నిండుగా కనిపిస్తుంటే నాయనమ్మకి సంతోషం ఉండదూ? నేనూ సంతోషించాను. మా చెల్లెలొక్కతే నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, "అక్కా, అన్నం ఎప్పట్లాగే వదిలేస్తున్నాడు. మరి ఒళ్ళెక్కడినుంచి వస్తుంది? పొద్దున్న లేచేసరికి కళ్ళు మూసుకుపోయినట్టుంటున్నాయి. సాయంత్రానికి ముఖం తగ్గి కాళ్ళు వాస్తున్నాయి. సాక్సు తీస్తే ఆ గుర్తు అలాగే ఉండిపోతోంది. ఒంటేలు పోస్తే సబ్బు నురగలా నురగ..." అంది.

చూడండి, ఒక్క పరీక్షా చేయించకుండానే ఆ పిల్లాడి జబ్బు లక్షణాలన్నీ చెప్పేసింది తను. కానీ ఎవరు విన్నారు? మరిదిగారు "నీకన్నీ అనుమానాలే" అన్నారు. అత్తగారు దిష్టి తీశారు. మొదట చూసిన డాక్టరు ఎలర్జీ అని కళ్ళలోకి చుక్కలు రాశాడు. పక్కింటావిడ తెల్లగలిజేరాకు పప్పులో వేసి పెట్టమంది. ఇలా మూడు వారాలు గడిచాయి. పిల్లాడి పొట్ట కుండలా ఉబ్బింది, ఆయాసం మొదలైంది. అప్పుడు రెండో డాక్టరు చేసిన మొట్టమొదటి పని మూత్రం పరీక్ష. గాజు గొట్టంలో పోసి వేడి చేస్తే పైన తెల్లగా గడ్డకట్టింది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎలా గట్టిపడుతుందో అలాగ! పోలిక కోసం అంటున్న మాట కాదిది. తెల్లసొనలో ఉన్నట్టే మన రక్తంలోనూ అల్బుమిన్ అనే ప్రొటీను ఉంటుంది. ఒంట్లో ఉండాల్సిన ఆ ప్రొటీను మూత్రంలో పోతోందన్నమాట.

ఆ జబ్బు పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్.

కిడ్నీ జబ్బు అనగానే మనకి ఉద్దానం గుర్తొస్తుంది. డయాలసిస్ మంచాలు, నడివయసు మగవాళ్ళు, షుగరూ బీపీ గుర్తొస్తాయి. పాలబుగ్గల పిల్లలకి కిడ్నీ జబ్బేమిటి అనిపిస్తుంది. కానీ ఈ సిండ్రోమ్ ఎక్కువగా వచ్చేది 2 నుంచి 6 ఏళ్ళ మధ్య పిల్లలకే. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. జలుబు, జ్వరాల్లాగా ప్రతి వీధిలోనూ కనిపించేది కాదు కాబట్టే ఇంట్లోవాళ్ళకి తట్టదు. ఒక్కోసారి డాక్టరుకీ వెంటనే తట్టదు.

కిడ్నీలో ఉండే జల్లెడ మెష్ దెబ్బతిని రక్తంలోని ప్రొటీను కారిపోతుంది. రక్తంలో ప్రొటీను తగ్గేసరికి నీరు రక్తనాళాల్లో నిలవక ఒంట్లోకి చేరుతుంది. రాత్రి పడుకున్నప్పుడు ముఖానికి, పగలు తిరుగుతున్నప్పుడు కాళ్ళకి దిగుతుంది. అందుకే పొద్దున కళ్ళు, సాయంత్రం పాదాలు వాస్తాయి. ఇంత తేడా వైద్యుడికి పది నిమిషాల్లో తెలిసేది కాదు. పొద్దున్నా సాయంత్రం పిల్లాణ్ణి చూసే మనిషికే తెలుస్తుంది. ఆ మనిషి చాలా ఇళ్ళల్లో అమ్మే.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. పిల్లల కిడ్నీ జబ్బుల్లో మొదటి పరీక్ష అమ్మ కన్ను. రెండోది మూత్రం పరీక్ష. మొదటిదాన్ని అనుమానమని కొట్టిపారేస్తాం, రెండోదాన్ని అవసరమా అని వాయిదా వేస్తాం. దాని ఫలితం పిల్లాడు అనుభవిస్తాడు.

ఒక్క నెఫ్రోటిక్ సిండ్రోమే కాదు. పిల్లల్లో అరుదుగా వచ్చే కిడ్నీ జబ్బులు చాలావరకు ఇంట్లోనే ముందు కనబడతాయి. మగబిడ్డ మూత్రం ధారగా రాకుండా చుక్కలు చుక్కలుగా పడుతోందా? పుట్టుకతోనే మూత్రనాళంలో అడ్డుపొర ఉండొచ్చు. సకాలంలో దాన్ని తొలగించకపోతే రెండు కిడ్నీలూ దెబ్బతింటాయి. పిల్ల ఎదగడం లేదా, కాళ్ళు దొడ్డిగా వంకరపోతున్నాయా, అస్తమానం నీళ్ళు అడుగుతోందా, మాటిమాటికీ ఒంటేలుకి లేస్తోందా? ఎంత కాల్షియం టానిక్కు పట్టినా లాభం ఉండకపోవచ్చు. ఒంట్లో ఉండాల్సిన లవణాలని కిడ్నీలు వదిలేస్తుంటే ఇలా అవుతుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందా? అది ఎండదెబ్బో వేడో అని మజ్జిగ తాగించి ఊరుకోకూడదు.

ఆల్పోర్ట్ సిండ్రోమ్ అని ఇంకొకటుంది. ఒకే కుటుంబంలో కొందరికి మూత్రంలో రక్తం పోవడం, చెవుడు రావడం గమనించి ఆల్పోర్ట్ అనే వైద్యుడు 1927లో దాని గురించి రాశాడు. ఇందులో ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అంటే తల్లినుంచి కొడుక్కి రావచ్చు, కొడుకులకి తీవ్రంగా ఉంటుంది. ఇక చూస్కోండి! "మీ వైపునుంచే వచ్చింది" అనడానికి ఇంతకంటే ఏం కావాలి? జన్యువుని కోరి ఎవరూ తెచ్చుకోరు, తెలిసి ఎవరూ ఇవ్వరు. పైగా ఆ తల్లి కూడా తన మూత్రం, బీపీ పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్ళకి ఏమీ కాదని అనుకున్నా, వాళ్ళలోనూ కొందరికి వయసుతో కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ సంగతి తెలుసుకోవాల్సింది ఆమెని నిందించడానికి కాదు, ఆమెని కాపాడుకోవడానికి.

మా చెల్లెలికీ నింద తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావన్నారు, ఉప్పు ఎక్కువ పెట్టావన్నారు, చిప్స్ పాకెట్లు కొనిచ్చావన్నారు. నిజానికి పిల్లల్లో మామూలుగా వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ తల్లి తిన్నదాన్నిబట్టి రాదు. ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. వాపు ఉన్నప్పుడు ఉప్పు తగ్గించమంటారు, అంతే. ఉప్పు వల్ల జబ్బు వచ్చిందని అర్థం కాదు.

రెండో పొరపాటు మందు దగ్గర జరుగుతుంది. ఈ జబ్బుకి మొదట వాడేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు ఆరు వారాలు రోజూ, తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు ఇవ్వాలని మన దేశంలో పిల్లల కిడ్నీ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నూటికి 80 మందికి పైగా పిల్లల్లో కొద్ది వారాల్లోనే ప్రొటీను పోవడం ఆగిపోతుంది. వాపు దిగుతుంది, పిల్లాడు మళ్ళీ పాత పిల్లాడవుతాడు. అక్కడే వస్తుంది చిక్కు! "తగ్గిపోయిందిగా, ఇంకా ఆ స్టెరాయిడ్లు ఎందుకు?" అని ఎవరో ఒకరు అంటారు. ఇంకెవరో పసరు మందు చెబుతారు. గోళీలు ఆగిపోతాయి. స్టెరాయిడ్లని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. వాటితో ఇబ్బందులు లేవని నేననను. ఆకలి పెరుగుతుంది, ముఖం మళ్ళీ గుండ్రమవుతుంది, చిరాకు పడతారు, ఎక్కువకాలం వాడితే ఎదుగుదల తగ్గొచ్చు. అందుకే మోతాదు తగ్గించేదీ, మందు మార్చేదీ డాక్టరే కావాలి. పక్కింటివాళ్ళు కాదు.

మందులకి లొంగని పిల్లలూ కొందరుంటారు. వాళ్ళకి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యడం, జన్యుపరీక్షలు, వేరే మందులు అవసరమవుతాయి. వాళ్ళని పిల్లల కిడ్నీ నిపుణుడికే చూపించాలి.

మందులకి లొంగినవాళ్ళలోనూ ముప్పాతిక వంతు మందికి జబ్బు కనీసం ఒక్కసారైనా తిరగబెడుతుంది. మామూలు జలుబు చాలు. అందుకే ఇంట్లో రోజూ పొద్దున మూత్రం చూసి పుస్తకంలో రాసుకోమంటారు. మందుల షాపులో దొరికే రంగు మారే పట్టీ ముంచి చూడటమే. వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులో, అంతకంటే ఎక్కువో వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. ముఖం వాచేదాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి. వాపుతో ఉన్న పిల్లాడికి జ్వరంతో కడుపునొప్పి వచ్చినా, మందు వాడుతున్న పిల్లాడు ఆటలమ్మ వచ్చినవాళ్ళ దగ్గర మసలినా ఆ రోజే వెళ్ళాలి. న్యుమోనియా టీకా వేయించాలి. పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు నడుస్తున్నప్పుడు కొన్ని టీకాలు వెయ్యకూడదు కాబట్టి అడక్కుండా ఏదీ వేయించకూడదు.

మా చెల్లెలు ఆ పుస్తకం రెండున్నరేళ్ళుగా రాస్తోంది. తేదీ, ప్లస్సులు, బరువు, గోళీల లెక్క. జబ్బు నాలుగుసార్లు తిరగబెట్టింది. ప్రతిసారీ వాపు రాకముందే పట్టుకుంది. తను ప్రైవేటు స్కూల్లో చేస్తున్న టీచరు ఉద్యోగం మానేసింది. ఒకసారి నేను పుస్తకం తిరగేస్తే అన్ని పేజీల్లోనూ తన చేతిరాతే కనిపించింది. ఏం, ఒక పట్టీని సీసాలో ముంచి రంగు పోల్చి చూడటం నాన్నకి రాదా? మరిదిగారిని అదే అడిగాను. కాస్త నొచ్చుకున్నారు కానీ ఇప్పుడు ఆదివారాలు ఆయనే రాస్తున్నారు. వారానికి ఒక్క పేజీయే కావచ్చు, ఆ ఒక్క పొద్దున తను ఏ భయం లేకుండా కాఫీ తాగుతోంది.

బడి సంగతీ చెప్పాలి. జపానులో 1974 నుంచి బడిపిల్లలకి ఏటా మూత్రం పరీక్ష చేస్తున్నారు. మన దేశంలో పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టి 30 సమస్యల జాబితా వేశారు. పళ్ళు, కళ్ళు, చెవులు, గుండె అన్నీ ఉన్నాయి, మంచిదే. కిడ్నీ మాత్రం ఆ 30లో లేదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్నట్టుండి వచ్చేది కాబట్టి ఏడాదికోసారి చేసే పరీక్షలో దొరక్కపోవచ్చు. కానీ పైకి ఏ నొప్పీ లేకుండా కిడ్నీలని నెమ్మదిగా పాడుచేసే జబ్బులు దొరుకుతాయి. ఏటా అందరికీ చెయ్యడం భారమంటారా? కనీసం ముఖం వాచిన పిల్లకీ, ఎదగని పిల్లకీ, మూత్రం రంగు మారిన పిల్లకీ ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలోనే ఆ పరీక్ష జరగాలి. టీచర్లూ తెలుసుకోవాలి. స్టెరాయిడ్ల వల్ల బుగ్గలు ఉబ్బిన పిల్లాణ్ణి "బూరె" అని పిలిస్తే మర్నాటినుంచి బడికి రానంటాడు.

చివరగా ఒక్క మాట. మన దేశంలో బతికుండగా కిడ్నీ దానం చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఏ పిల్లాడికైనా పరిస్థితి అంతదాకా వస్తే ముందు అందరి చూపూ అమ్మ మీదే పడుతుంది, ఆమె కూడా వెనకాడదు. కిడ్నీ ఇమ్మని అడగడానికి గుర్తొచ్చే అమ్మ, "బాబు ముఖం వాచింది, ఎందుకో బాగాలేదు" అని చెప్పినప్పుడు ఎందుకు గుర్తురాదు? ఆ పూట ఆమె మాట విని ఓ చిన్న సీసాలో మూత్రం పట్టుకెళ్తే, చాలామంది పిల్లల విషయంలో అంతదాకా రాకుండానే చూసుకోవచ్చు.

అన్నట్టు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చి మందులకి లొంగిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యేసరికి జబ్బునుంచి బయటపడతారు. మావాడికిప్పుడు ఏడేళ్ళు. మొన్న పండక్కి వెళ్తే గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చిక్కిపోయాడని వాళ్ళ నాయనమ్మ బాధ. "బుగ్గలు లేకపోతే పోనీలెండి పిన్నిగారూ, పొద్దున్న ముఖం ఎలా ఉంటోంది?" అన్నాను. "కోడలు రోజూ చూస్తూనే ఉందిలేమ్మా, తనే ముందు కనిపెట్టింది" అన్నారావిడ.

ఆ మాట మూడేళ్ళ ముందే అని ఉంటే ఎంత బాగుండేది! మీ ఇంట్లో అయినా ఆలస్యం కాకూడదు. ఏమంటారు?