లైసెన్సు చేతికి వచ్చింది, లారీ చేతికి వచ్చిందా?

సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి మరమగ్గాల పనికై సూరత్ చేరిన కుటుంబాల సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. మీ ఇంటి నుండి కాకపోయినా మీ వాడకట్టు నుండి ఎవరో ఒకరు లింబాయత్‌లోనో, ఉధనాలోనో సాంచాల మీద పని చేస్తూనే ఉంటారు. ఆ కుటుంబాలలోని యువకులు కొందరు ఇప్పుడు తండ్రి నడిపిన సాంచాను తాము నడపబోమనీ, లారీ నేర్చుకుంటామనీ అంటున్నారు. పన్నెండు గంటల షిఫ్టును, చెవులు దిమ్మెక్కించే చప్పుడును, మీటరు లెక్కన వచ్చే కూలిని చూస్తూ పెరిగిన పిల్లలు అలా అనడంలో ఆశ్చర్యం లేదు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో బేళ్ళు ఎక్కించుకుని దేశం నలుమూలలకూ బయలుదేరే లారీలను వారు రోజూ చూస్తున్నారు. ఆ కోరికను నేను తప్పుపట్టను. నా అభ్యంతరమల్లా వారు శిక్షణశాలను ఎంచుకునే తీరు మీదనే. ఆ శిక్షణకయ్యే సొమ్ము తరచుగా ఊరి నుండి, అంటే మీ చేతి మీదుగా వస్తున్నది కనుక ఈ మాట మీకు చెప్పవలసి ఉన్నది.

నేను సూరత్ శాఖలో క్షేత్రాధికారిని. వసూళ్ళ నిమిత్తం నేను వెళ్ళే ఇళ్ళలో ఒకటి గురించి చెబుతాను. ఇంటి యజమానికి మా శాఖలో రెండు సాంచాల మీద రుణం ఉన్నది. ఆయన కుమారునికి ఇరవై మూడేళ్ళు. డ్రైవింగు నేర్చుకోవడానికి ఊళ్ళో ఉన్న తల్లి మూడు తులాల గొలుసు తాకట్టు పెట్టి సొమ్ము పంపింది. (రుణపత్రంలో మాత్రం ‘వ్యవసాయ ఖర్చుల నిమిత్తం’ అని ఉన్నది. అది మరొక వ్యాసానికి తగిన విషయం.) అతడు చేరిన శిక్షణశాలకు బోర్డు ఉన్నది, అనుమతీ ఉన్నది. షిఫ్టుకు ముందు ఉదయం కొంతసేపు నేర్పేవారు. బండిలో ఏడుగురు. ఒకరు నడుపుతుంటే తక్కిన ఆరుగురు కూర్చుని చూడడం. తొమ్మిది రోజులు గడిచాక, ఇక రావలసిన పని లేదు, మిగిలినది మేము చూసుకుంటాము అన్నారు. ముప్పై రోజులు నేర్చుకున్నట్లు సర్టిఫికెట్టు తయారయింది. రిజిస్టరులో సంతకాలు అతడే పెట్టాడు. షిఫ్టులు పోకుండా పని అయిందని ఆ రోజు ఇంట్లో అందరూ సంతోషించారట.

రెండవ డ్రైవరుగా పని దొరికింది. నాసిక్ నుండి ఉల్లిపాయల లోడుతో తిరిగి వస్తున్నప్పుడు పెద్ద డ్రైవరు స్టీరింగు అతనికి ఇచ్చి పడుకున్నాడు. నాసిక్ నుండి సూరత్ వచ్చే ఆ దారిలో సాపుతారా దాటాక వాఘై వైపు ఘాటు దిగాలి. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్లలో తాతల నాటి మాట. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు అవసరానికే పనికివస్తుంది. ఇతడు పై గేరులో వదిలి, వంపు వంపుకూ బ్రేకు తొక్కుతూ వచ్చాడు. ఆగకుండా తొక్కితే బ్రేకు లైనర్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. పెడలు కిందికి పోతుంది కాని బండి ఆగదు. లోయ వైపు పోకుండా కొండ వైపుకు తిప్పాలన్న బుద్ధి ఆ క్షణాన పుట్టింది కనుక ఇద్దరూ బ్రతికారు. అతని కుడికాలు రెండు చోట్ల విరిగింది. సాంచా ముందు పన్నెండు గంటలు నిలబడవలసిన కాలు అది.

ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటున్నది. అతని కాగితాలలో ఏ లోపమూ లేదు. లైసెన్సు నిజమైనదే. బండికి బీమా సొమ్ము కూడా వచ్చింది. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అతడు అన్న మాట ఒక్కటే: “సార్, నిండు బండి నేను ఆ రోజు వరకు దిగుడులో దింపలేదు.”

చట్టం ఈ విషయంలో నిర్లక్ష్యంగా ఏమీ లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం రవాణా వాహనం నేర్చుకునేవారికి శిక్షణ 30 రోజులకు తక్కువ కాకూడదు, అందులో స్వయంగా బండి నడిపిన కాలం 15 గంటలకు తక్కువ కాకూడదు. అంటే రోజుకు అరగంట మీ చేతిలో స్టీరింగు ఉండాలి. బండిలో ఏడుగురు ఉంటే ఆ ఒక్క జట్టుకే రోజుకు మూడున్నర గంటలు కావాలి. ఉదయం గంటసేపు బండి తిప్పే చోట ఈ లెక్క ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. శిక్షణశాల రెండు రిజిస్టర్లు ఉంచాలి. ‘ఫారం 14’లో చేరినవారి వివరాలు, ‘ఫారం 15’లో ఒక్కొక్కరు నడిపిన గంటలు ఉంటాయి. లైసెన్సు దరఖాస్తుకు జతపరిచే సర్టిఫికెట్టు ‘ఫారం 5’. అందరూ అడిగేది ఆ ‘ఫారం 5’ ఎప్పుడు ఇస్తారని. చేరకముందే ‘ఫారం 15’ చూపమని అడిగినవాడు నాకు ఇంతవరకు తటస్థపడలేదు.

దీనికంటే మెరుగైన ఏర్పాటు కూడా ఇప్పుడు ఉన్నది. 2021 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలలో భారీ వాహనాల కోర్సు 38 గంటలు, ఆరు వారాలు. ఆ కేంద్రానికి కనీసం రెండెకరాల స్థలం, పరీక్షా ట్రాకు, సిమ్యులేటరు ఉండాలి. అక్కడ ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగు పరీక్ష ఉండదు. ఈ చివరి సౌకర్యాన్ని చూసి మాత్రమే అక్కడికి వెళ్ళేవారుంటే, వారు కూడా నా దృష్టిలో తొమ్మిది రోజుల కుర్రవాడి దారినే పోతున్నవారు.

మన తెలుగువారికి మరొక మార్గం ఉన్నది. దానిని సూరత్‌లో ఉన్నవారు మరచిపోతున్నారు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో తెలంగాణ ప్రభుత్వం, అశోక్ లేలాండ్ సంస్థ కలిసి నెలకొల్పిన ‘టైడ్స్’ డ్రైవింగు శిక్షణ సంస్థ ఉన్నది. ఏ సాంచాల ఊరి నుండి వీరి తండ్రులు సూరత్‌కు రైలెక్కారో ఆ ఊరి పక్కనే అన్నమాట. గుజరాతీలోనో హిందీలోనో సగం అర్థమయ్యే పాఠం కన్నా, ఎయిర్ బ్రేకు ఎలా పని చేస్తుందో సొంత భాషలో అడిగి తెలుసుకోవడం మేలని నా అభిప్రాయం. లైసెన్సు మాట ఏమిటని సందేహం రావచ్చు. 2019 చట్ట సవరణ తరువాత మీరు నివసించే లేదా వ్యాపారం చేసే రాష్ట్రంలోనైనా, శిక్షణ పొందిన పాఠశాల ఉన్న రాష్ట్రంలోనైనా ఏ లైసెన్సింగు అధికారికైనా దరఖాస్తు చేసుకునే వీలున్నది. ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న పాత షరతు కూడా 2019లో తొలగింది. వయస్సు మాత్రం ఇరవై నిండాలి.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలియనిది కాదు. “నెల, నెలన్నర పని మానితే ఇల్లు ఎవరు నడుపుతారు?” న్యాయమైన ప్రశ్న. రోజుకు 600 రూపాయల కూలి అనుకుంటే, 26 రోజులకు 15,600 రూపాయలు పోతాయి. ఫీజుకు ఇది అదనం. కనుక శిక్షణకయ్యే ఖర్చు లెక్కించేటప్పుడు ఫీజు ఒక్కటే కాక, పోయే కూలిని కూడా మొదటనే కలిపి లెక్కించండి. ఆ సొమ్ము చేతిలో లేకుంటే మూడు నెలలు ఆగి కూడబెట్టుకుని చేరండి. ఆగలేక సగం శిక్షణతో సరిపెట్టుకున్నవారిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. గొలుసు తాకట్టు పెట్టకముందు, మీరు చేరబోయే కోర్సు నైపుణ్య రుణ పథకం కిందికి వస్తుందేమో మీ శాఖలో విచారించండి. 2015 నుండి ఉన్న పథకమే అయినా అడిగేవారు తక్కువ.

లైట్ మోటార్ వాహనం లైసెన్సు వచ్చి ఏడాది నిండితే గాని రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇవ్వరు. ఈ ఏడాదిని చాలామంది వృథా కాలమని భావిస్తారు. కాని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని లైట్ మోటార్ వాహనం లైసెన్సుతోనే నడపవచ్చు. సాంచాల నుండి ప్రాసెసింగ్ మిల్లులకు, మిల్లుల నుండి మార్కెట్లకు బట్ట మోసే టెంపోలు సూరత్‌లో ఎన్ని తిరుగుతున్నాయో లెక్క లేదు. ఆ ఏడాది టెంపో నడిపినవాడికి బరువుతో బండి ఎలా సాగుతుందో, వెనుకకు ఎలా పెట్టాలో, ఇరుకు సందులో ఎడమ వైపు ఎంత చోటు వదలాలో తెలుస్తుంది. కూలీ వస్తుంది. నన్నడిగితే లారీ శిక్షణలో మొదటి తరగతి అదే.

క్లీనరుగా చేరి ఉస్తాదు దగ్గర నేర్చుకునే పాత పద్ధతిని నేను తక్కువ చేయను. నేటి పెద్ద డ్రైవర్లలో ఎందరో ఆ బడిలో చదివినవారే. ఘాటు దిగడం వారికి తెలిసినంతగా ఏ మాస్టరుకూ తెలియకపోవచ్చు. అయితే ఉస్తాదుకు ఓపిక ఉంటేనే స్టీరింగు ఇస్తాడు. అది కూడా రాత్రిపూట, తనకు నిద్ర వచ్చినప్పుడు.

ఏదైనా శిక్షణశాలకు వెళ్ళినప్పుడు ముందు బండిని చూడండి. బోధకుని వైపు కూడా క్లచ్చి, బ్రేకు ఉన్నాయా? అది నిజంగా భారీ వాహనమేనా, లేక చిన్న బండిలోనే అంతా ముగిస్తున్నారా? బోధకునికి ఐదేళ్ళ డ్రైవింగు అనుభవం, మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్టు ఉండాలని నియమం ఉన్నది. మర్యాదగా అడగండి. బరువు వేసిన బండిని ఎన్ని రోజులు ఇస్తారని కూడా అడగండి. ఇది నియమావళిలోని ప్రశ్న కాదు, నాది. “అదంతా రోడ్డు మీద వస్తుంది” అని జవాబిస్తే ఆ చోటు మీకు తగినది కాదు. హజీరా వైపు కర్మాగారాల ట్యాంకర్లు నడపాలని ఉన్నవారికి మూడు రోజుల ప్రమాదకర సరుకుల శిక్షణ కూడా అవసరం. కాని ఆ ట్యాంకరు మాట సాధారణ లోడుతో రెండేళ్ళు తిరిగిన తరువాత ఆలోచించవచ్చు.

ఈ పత్రిక చదివే వాహన డీలర్లకు ఒక మనవి. పాత లారీ అమ్మేటప్పుడు “లైసెన్సు కూడా మేమే ఏర్పాటు చేయిస్తాము” అనే మాట బేరంలోకి తేవద్దు. ఆ బండి ఘాటులో పడితే మీకు రావలసిన మిగతా సొమ్ము, మాకు రావలసిన వాయిదాలు అన్నీ అక్కడే పడతాయి. మేము కూడా నిర్దోషులము కాము. ముద్ర పథకం కింద సరుకు బండికి రుణం ఇచ్చేటప్పుడు లైసెన్సు నకలు జతపరిచారా అని చూస్తామే గాని, దాని వెనుక ఎన్ని గంటల స్టీరింగు ఉన్నదని అడగము. సాపుతారా సంగతి తరువాత నా వరకు నేను అడగడం మొదలుపెట్టాను. ‘ఫారం 15’లోని మీ పేజీ నకలు తెచ్చుకోండి. మొదటి ఏడాది పరుల బండి నడిపి, ఆ తరువాత సొంత బండికి దరఖాస్తు చేసేవారితో నేను ఎక్కువసేపు కూర్చుంటాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. సాంచాకు తిరిగి వెళ్ళలేదు. తెలిసినవారి టెంపోలో పగటిపూట బట్ట వేస్తున్నాడు. గొలుసు ఇంకా ఊరి శాఖలోనే ఉన్నది, వడ్డీ మాత్రం కట్టారు. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు మండేపల్లిలో చేరడానికి ఏయే కాగితాలు కావాలని అడిగాడు. తల్లి ఒప్పుకోవడం లేదట. ఇద్దరికీ ఏమి చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. కాగితాల జాబితా మాత్రం రాసి ఇచ్చి వచ్చాను.