టీ ఓడకెక్కిన బెల్లం

మా జహీరాబాదులో చెరుకుంది, అల్లముంది. టీకి కావలసినవి రెండూ ఉన్నట్టే. లేనిదల్లా సముద్రం. అందుకే కాబోలు, టీ సంగతి వచ్చినప్పుడల్లా నా మనసు ఓడలమీదికి పోతుంది. ఒకప్పుడు చైనా నుంచి లండనుకు తేయాకును తెరచాప ఓడలు పందాలు వేసుకుని మోసేవి. వాటిలో పేరుమోసిన ఓడ ఒకటి మన తెలుగు రేవులకు వచ్చి బెల్లం ఎక్కించుకుపోయింది.

దాని పేరు కట్టీ సార్క్. పొట్టి చొక్కా అని అర్థం. స్కాట్లండు కవి బర్న్సు కావ్యంలో ఒక మంత్రగత్తె తొడుక్కున్న చొక్కా అది. ఓడకు ఇంతకంటె మర్యాదైన పేరు దొరకలేదా అని నాకెప్పుడూ అనుమానమే! 1869 నవంబరు 22న డంబార్టన్‌లో దాన్ని నీళ్ళలోకి దించారు. సరిగ్గా అయిదురోజుల ముందు సూయజ్ కాలువ తెరిచారు. పురిటికి ముందే జాతకం రాసేశారన్నమాట. పొగ ఓడలకు దగ్గరదారి దొరికింది. గాలిని నమ్ముకున్న ఓడ మాత్రం ఆఫ్రికా చుట్టూ తిరగవలసిందే.

అయినా ఎనిమిదిసార్లు తేయాకు తెచ్చింది, మొదటిసారే 13 లక్షల పౌన్లు. సుమారు 30 మంది కలాసీలు, 11 మైళ్ళ తాళ్ళు. గాలి మారితే అర్ధరాత్రయినా సరే, స్తంభాలెక్కి చాపలు చుట్టాలి. 1872లో థెర్మోపిలే అనే ఓడతో పందెంలో ముందుండగా చుక్కాని ఊడిపోయింది. హెండర్సన్ అనే వడ్రంగి, ఊగే ఓడమీదే కొలిమి పెట్టించి కొత్త చుక్కాని కట్టాడు. వారం ఆలస్యమై పందెం పోయింది. ఈనాటికీ చెప్పుకునేది మాత్రం ఆ వడ్రంగి పనితనమే.

1877 తరువాత తేయాకు దక్కలేదు. ఏ సరుకు దొరికితే అదే మోసింది. 1880లో మేటు కొట్టిన దెబ్బకు ఒక కలాసీ చచ్చిపోయాడు. మేటును తప్పించిన కెప్టెన్ వాలెస్, ఆ తరువాత తానే సముద్రంలోకి దూకాడు.

ఇన్ని ఈతిబాధలు పడ్డాక, 1882–83లో మూర్ అనే కెప్టెన్ దాన్ని మద్రాసుకు, భీమునిపట్నానికి, కాకినాడకు తెచ్చాడు. ఎక్కించుకున్న సరుకుల్లో బెల్లం, కరక్కాయలు ఉన్నాయి. కరక్కాయ మనకు దగ్గుమందు, వాళ్ళకు తోళ్ళు పదునుచేసే సరుకు.

ఆ రేవుల్లో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరాన లంగరు వేసి నిలబడేది. సరుకంతా పడవల్లోనే చేరాలి. ఆ రోజుల్లో ఈ తీరపు అలలకు తట్టుకున్నవి మసులా పడవలు. మేకన్నది లేకుండా పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. బిగువుగా మేకులు కొట్టిన పడవ అల తాకిడికి పగులుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. ఇక తెడ్లు వేసేవాళ్ళ సంగతి చూడండి. ఒక్క అల లోపలికి దూకిందా, బెల్లం పానకమే!

ఈ కథ క్లాసులో చెబితే, చెరుకు పండించే ఇంటి కుర్రవాడొకడు లేచి, "పడవవాళ్ళకు కూలి ఎంత సార్?" అన్నాడు. కెప్టెన్ల పేర్లూ, వడ్రంగి పేరూ నేను చదివిన పుస్తకాల్లో ఉన్నాయి. పడవవాళ్ళ పేర్లే ఎక్కడా కనబడలేదు, కూలి మాట దేవుడెరుగు.

ఆ తరువాత కట్టీ సార్క్ ఆస్ట్రేలియా ఉన్నిని మోసి, తేయాకు రోజుల్లోకంటె వేగంలో ఎక్కువ పేరు తెచ్చుకుంది. 1954 నుంచి లండనులోని గ్రీనిచ్‌లో గట్టుమీదే ఉంది. 2007లో నిప్పంటుకుంది. బాగుచేసి 2012లో మళ్ళీ జనాన్ని లోపలికి రానిచ్చారు.