ఫరో పంపిన బండ్లు ఎవరి కోసం?

ఆత్మకూరులో మా సంఘానికి చెందిన ఒక కుటుంబం అమెరికాకు తరలివెళ్తూ ప్రార్థన కోసం మమ్మల్ని పిలిచింది. భర్త అంతకుముందే వెళ్లి ఉద్యోగంలో చేరాడు. ఇక భార్య, ఇద్దరు పిల్లలు బయలుదేరాలి. మేము వెళ్లేసరికి హాలు నిండా అట్టపెట్టెలున్నాయి. ఒక్కోదాని మీద ఒక నంబరు, లోపల ఏముందో రాసిన చీటీ. ఆ పెట్టెలు సముద్రం మీద తడవకుండా, పగలకుండా క్షేమంగా చేరాలని మేము చాలాసేపు ప్రార్థించాం. సెలవు తీసుకుని చెప్పులు వేసుకుంటుండగా వరండాలో మంచం మీద కూర్చున్న అత్తగారు మెల్లగా ఇలా అన్నారు: "అయ్యగారూ, సామాన్లకు ప్రార్థన చేస్తిరి. రేపట్నించి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే గదా. నాకూ ఒక మాట చెప్పి పోకూడదా?"

పాతికేళ్లకు పైగా పరిచర్యలో ఉన్న మాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వెనక్కి వెళ్లి ఆమె మంచం పక్కన మోకరించాం. ఆ పూట ప్రార్థన అయితే చేశాం గాని, ఆమె ముందు అడగక మునుపు మేమెందుకు మరిచామన్న ప్రశ్న మాత్రం ఇంకా మమ్మల్ని వదల్లేదు.

ఇల్లు ఎత్తుకుని దేశం దాటడం చిన్న పని కాదు. విమానంలో చాలావరకు ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండే. మిగిలినదంతా చెన్నై రేవుకు చేర్చి ఓడకెక్కించాలి. సామాను కొంచెమే అయితే పదిమందితో కలిపి ఒకే కంటైనర్‌లో సర్దుతారు. అది చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అమెరికా కస్టమ్స్ వారికి 3299 అనే ఫారం నింపి ఇవ్వాలి. కనీసం ఏడాదిపాటు వాడిన గృహోపకరణాలకు అక్కడ సుంకం ఉండదు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టులకు సరిగా తిరగదు గనుక దాన్ని వదిలేయాలి. సామాను కట్టే చెక్కపెట్టెల్లో పురుగు ఉండకూడదని, ఆ చెక్క నడిమి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండేలా కాల్చి ముద్ర వేయడం అంతర్జాతీయ నియమం. ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా మన మెట్టప్రాంతం ఆడపడుచులు ఉదయగిరి చెక్క గరిటెలను పాత చీరలో చుట్టి పెట్టెలో ఓ మూల దాచుకుంటారు.

ఇందులో తప్పేమీ లేదు. వస్తువుల మీద ఇష్టం ఉండటమే పాపమని వాక్యం చెప్పదు. చెరసాలలో ఉన్న పౌలు, తాను త్రోయలో కార్పు దగ్గర వదిలివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:13). చలికి అంగీ కావాలి, చదువుకు పుస్తకం కావాలి. అయితే ఆ సామాను జాబితా నిజాయితీగా ఉండాలి. కొత్తగా కొన్నదాన్ని పాతదని రాసి సుంకం ఎగ్గొట్టినవాడు కొత్త దేశంలో మొదటి అడుగే అబద్ధంతో వేశాడన్నమాట. గల్ఫ్‌కు వెళ్లేవారికి మరొక హెచ్చరిక. మన వంటింటి గసగసాలు గల్ఫ్ దేశాల్లో మాదకద్రవ్యం కింద లెక్క. పక్కింటివారిచ్చిన పొట్లమైనా సరే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు.

ఇక అసలు విషయానికి వద్దాం. దేశం మారిన కుటుంబాల్లో మనకు బాగా తెలిసింది యాకోబు కుటుంబం. కనానులో కరవు. ఐగుప్తులో యోసేపు బతికే ఉన్నాడు. అప్పుడు ఫరో బండ్లు పంపాడు. ఎందుకోసం? పిల్లలను, భార్యలను, ముసలి తండ్రిని ఎక్కించుకు రావడానికి. సామాను గురించి చింతపడవద్దని కూడా చెప్పాడు (ఆది. 45:19, 20). ఆ మాటకు హెబ్రీ మూలంలో, వస్తువుల మీద మీ కన్ను జాలిపడకూడదు అనే భావం ఉంది. యాకోబు కుమారులు పశువులను, సంపాదించిన ఆస్తిని వదిలేయలేదు, వెంట తీసుకువెళ్లారు. కానీ బండ్లమీద ఎక్కింది మాత్రం మనుషులే (ఆది. 46:5, 6). ఏది దేనికోసమో ఐగుప్తు రాజుకు తెలిసింది. వాక్యం చేత పట్టుకున్న మాకు ఆ రోజు ఆత్మకూరులో తెలియలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడున్న మనవాళ్లు సామాను జాబితా రాసుకునే వ్యవధి లేకుండా బయటపడ్డారు. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి భారత విమానాలు లక్షమందికి పైగా స్వదేశానికి చేర్చాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన టీవీలు, మంచాలు, పాత్రలు అక్కడే ఉండిపోయాయి. విమానం ఎక్కింది మనుషులే. బిడ్డ ప్రాణాలతో గడపలో నిలబడితే, ఏమేమి వదిలేసి వచ్చావని ఏ తల్లి అడుగుతుంది?

మన మెట్టప్రాంతం సంగతి మనకు తెలుసు. ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల వాన పడితేనే పైరు. అందుకే ఎందరో అక్కచెల్లెళ్లు కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లారు. వారు ఓడలకు సామాను ఎక్కించరు. ఒక్క సంచితో వెళ్తారు. పెట్టెలు కట్టేది అటునుంచి ఇటు. దుప్పట్లు, సబ్బులు, పాలపొడి, పిల్లలకు బొమ్మలు ఆ పెట్టెల్లో వస్తాయి. ఆ తల్లులను నిందించడం మా ఉద్దేశం కాదు. పిల్లల కడుపు నింపడానికే వారు పిల్లలకు దూరమయ్యారు. నిందించాల్సి వస్తే సంఘాన్నే నిందించాలి. మందిరానికి ఫ్యాన్లు, మైకు సెట్టు పంపినవారి పేర్లు ఆదివారం ఆరాధనలో చదువుతాం. వారి పిల్లలు ఏ తరగతి చదువుతున్నారో, రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నారో మనలో ఎందరికి తెలుసు?

ఈ ప్రాంతానికి సువార్త కూడా ఇల్లు వదిలినవారి ద్వారానే వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దంపతులు 1835లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1836లో మన దేశం చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. సూయజ్ కాలువ తెరిచింది 1869లో గనుక అప్పటి ఓడలు ఆఫ్రికా కొనను చుట్టి నెలల తరబడి ప్రయాణించేవి. తర్వాతి తరం మిషనరీలు ఉదయగిరికి, ఆత్మకూరుకు వచ్చారు. వారి పెట్టెల్లో ఏమున్నాయో నేడు మనకెవరికీ గుర్తు లేదు. వారు ఎవరి గడపల్లో కూర్చుని మాట్లాడారో ఆ కుటుంబాలే ఇప్పటి మన సంఘాలు.

కాబట్టి మా మనవి ఇది. పరదేశం వెళ్తున్న కుటుంబం సామాను జాబితా రాయకముందు ఇంటి మనుషుల జాబితా రాయాలి. అమ్మకు నెలనెలా మందులు తెచ్చేదెవరు? అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లేదెవరు? బ్యాంకు, పింఛను కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? కువైట్ వెళ్లే తల్లి అయితే, బడిలో పిల్లవాడి తరఫున సంతకం పెట్టేదెవరు? వాడు భయపడితే ఎవరితో చెప్పుకోవాలి? పెద్దలందరినీ వెంట తీసుకువెళ్లడం వీసాల వల్ల, ఆరోగ్యం వల్ల కుదరకపోవచ్చు. అలాంటప్పుడు ఆ జాబితా నకలు ఒకటి సంఘ పెద్దల చేతికి ఇవ్వండి. సంఘం దాన్ని బీరువాలో పెట్టకూడదు. స్త్రీల సమాజం, యవ్వనస్థులు వంతులు వేసుకుని ఆ గడపలు తొక్కాలి.

సిలువ దగ్గర ఒకే సమయంలో రెండు పంపకాలు జరిగాయి. కింద సైనికులు ప్రభువు వస్త్రాలను పంచుకుంటూ అంగీ కోసం చీట్లు వేశారు. పైన ప్రభువు ఆ బట్టల గురించి ఒక్క మాటా అనలేదు. తన తల్లిని శిష్యుని చేతికి అప్పగించాడు. ఆ ఘడియ నుంచి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:23-27). లోక రక్షణ అనే మహాకార్యం జరుగుతుండగా కూడా అమ్మను ఎవరు చూస్తారన్నది ఆయనకు చిన్న విషయం కాలేదు.

ఆ పెట్టెలు రెండు నెలలకు అమెరికా చేరాయి. ఒక గాజు గిన్నె తప్ప ఏదీ పగల్లేదట. ఆ కబురు మాకు చెప్పింది వరండాలోని ఆ తల్లే. ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా సంఘ స్త్రీలు ఇద్దరు ఆమెతో కూర్చుని భోంచేస్తున్నారు. ప్రియులారా, మీ వీధిలో అట్టపెట్టెలు కడుతున్న ఇల్లు కనబడితే లోపలికి వెళ్లండి. పెట్టెలను దాటుకుని, అక్కడ మిగిలిపోతున్నవారి దగ్గరికి వెళ్లి కూర్చోండి.